వుహాన్ గట్టు, సింగ్‌నగర్ గోడ

వుహాన్ పేరెత్తితే 2020 నుంచి మా వీధిలో అందరికీ గుర్తొచ్చేది ఒక్కటే. నాకు మాత్రం ఆ పేరు వినగానే కళ్ల ముందుకు వచ్చేది అక్కడి నది. మా పెద్దమ్మాయి ఆ ఊళ్లో వైద్యవిద్య చదివింది. 2018 జూన్‌లో దాని చదువు పూర్తయినప్పుడు నేనూ మా ఆవిడా వెళ్లి పన్నెండు రోజులు ఉండి వచ్చాము. నీటిపారుదల శాఖలో ముప్పయ్యేళ్లకు పైగా పనిచేసి, అందులో చాలా వానాకాలాలు ప్రకాశం బ్యారేజీ మీద వరద డ్యూటీలతో గడిపినవాణ్ణి కావడం వల్ల, ఆ పన్నెండు రోజుల్లో నేను ఊరు చూసింది తక్కువ, గట్టు మీద కూర్చుని నీళ్లు చూసింది ఎక్కువ. అప్పుడు అంకెలన్నీ రాసుకున్న నోటుపుస్తకం 2024 సెప్టెంబరులో మా విజయవాడ ఇంట్లోకి వచ్చిన బుడమేరు వాగు నీళ్లలో నాని అట్టలు ఊడిపోయింది గానీ, బాల్‌పెన్నుతో రాసినవి కావడంతో అక్షరాలు చెరిగిపోలేదు. ఆరబెట్టిన ఆ కాగితాలను ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

మనం యాంగ్జీ అనే ఆ నదిని చైనావాళ్లు చాంగ్ జియాంగ్ అంటారు. పొడవైన నది అని దాని అర్థం. టిబెట్ పీఠభూమిలో పుట్టి షాంఘై దగ్గర సముద్రంలో కలిసే లోపు సుమారు 6,300 కిలోమీటర్లు నడుస్తుంది కాబట్టి ఆ పేరు దానికి తగినదే. ఆసియాలో అంతకంటే పొడవైన నది లేదు. వుహాన్ నిజానికి ఒక ఊరు కాదు, మూడు ఊళ్లు. నదికి కుడి ఒడ్డున వుచాంగ్, ఎడమ ఒడ్డున హాంకౌ, హన్యాంగ్. ఎడమ ఒడ్డు ఊళ్లు రెండింటినీ విడదీస్తూ హాన్ అనే ఉపనది వచ్చి యాంగ్జీలో కలుస్తుంది. హాంకౌ అంటేనే హాన్ నది నోరు అని అర్థమట. పదిహేనో శతాబ్దంలో హాన్ దారి మార్చుకోబట్టే హాంకౌ వేరే ఊరయింది. ఏరు ఒరుసుకుంటూ దారి మార్చి ఊళ్లను చీల్చడం లంక గ్రామాలవాళ్లకు కొత్తగా చెప్పవలసిన సంగతి కాదు.

రెండు నదులు కలిసే మూల దగ్గర నీళ్లలో గీత గీసినట్లు రంగు తేడా కనిపిస్తుంది. హాన్ నీళ్లు కాస్త పచ్చగా, యాంగ్జీ నీళ్లు మట్టిరంగులో ఉండి, కొంతదూరం ఒకదాన్నొకటి ముట్టనట్లే పక్కపక్కన పోతాయి. మా ఆవిడ అది చూసి, “మన పవిత్ర సంగమంలాగే ఉందండీ” అంది. పట్టిసీమ నుంచి వచ్చిన గోదావరి నీళ్లు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిసేచోట ఆమె ప్రతి ఏడూ స్నానం చేస్తుంది. ఆ గోదావరి నీళ్లు చివరి దూరం నడిచి వచ్చేది బుడమేరు మళ్లింపు కాలువలోనే అన్న సంగతి ఆ రోజు నాకు తట్టలేదు. ఆ కాలువ సంగతి ముందు ముందు రానే వస్తుంది.

నా బుద్ధి ఎప్పుడూ క్యూసెక్కుల మీదే ఉంటుందని ఇంట్లో అందరూ అంటారు. అక్కడ ప్రవాహాన్ని సెకనుకు ఇన్ని ఘనమీటర్లు అని లెక్కిస్తారు. దాన్ని 35.3తో హెచ్చిస్తే మన క్యూసెక్కులు, అంటే సెకనుకు ఇన్ని ఘనపుటడుగులు, వస్తాయి. హాంకౌ దగ్గర యాంగ్జీలో ఏడాది పొడవునా సగటు తీస్తే సెకనుకు 22,000 ఘనమీటర్లకు పైగానే పారుతుంది. అంటే దగ్గరదగ్గర ఎనిమిది లక్షల క్యూసెక్కులు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షలకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది ఎగరేస్తాము. మనం రెండో హెచ్చరిక ఇచ్చి, లంకల్లోవాళ్లను ఒడ్డుకు రమ్మని మైకుల్లో అరిచే ప్రవాహం కంటే ఎక్కువ నీరు అక్కడ మామూలు రోజున పోతూ ఉంటుంది. టీఎంసీల్లో, అంటే వందకోట్ల ఘనపుటడుగుల లెక్కలో, చెప్పాలంటే ఏడాదికి దాదాపు పాతిక వేలు. మన కృష్ణలో బచావత్ ట్రిబ్యునల్ లెక్కగట్టి మూడు రాష్ట్రాలకు పంచిన నికర జలాలు 2,060 టీఎంసీలు. ఆ రెండు వేల కోసం మనం యాభై ఏళ్లుగా కోర్టులకు ఎక్కుతున్నాము.

నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది వేరే అంకె. వుచాంగ్‌కూ హన్యాంగ్‌కూ మధ్య నది మీద కట్టిన మొదటి వంతెనలో నీళ్ల మీద ఉన్న భాగం పొడవు 1,156 మీటర్లు. మన బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు. వెడల్పులో మన కృష్ణమ్మ ఏమీ తీసిపోలేదు, తేడా అంతా లోతులోనే ఉంది. మనది ఇసుక మీద పరుచుకుని పారే నది. అక్కడ వరదకాలంలో వంతెన కింద లోతు 40 మీటర్ల దాకా పోతుంది. ఇంకొక పొంతన కూడా ఉంది. ఆ వంతెనను ప్రారంభించింది 1957 అక్టోబరు 15న, ప్రకాశం బ్యారేజీని ప్రారంభించింది 1957 డిసెంబరు 24న. రెండు నెలల తేడాతో పుట్టిన కవల పిల్లలన్నమాట. 1952లో పాత ఆనకట్టకు గండి పడబట్టి మనకు బ్యారేజీ వచ్చింది. వాళ్లకు రైలు కోసం వంతెన వచ్చింది. అంతకు ముందు బీజింగ్ నుంచి వచ్చిన రైలు హాంకౌ ఒడ్డున ఆగిపోతే, పెట్టెలను విడదీసి నావల మీదికి ఎక్కించి, అవతలి ఒడ్డున మళ్లీ తగిలించి దక్షిణాదికి పంపేవారట.

వంతెన రెండంతస్తులది, పైన రోడ్డు, కింద రైలు. రాజమండ్రి, కొవ్వూరు మధ్య గోదావరి మీది వంతెన ఎక్కినవాళ్లకు ఇంతకంటే వివరించనక్కర్లేదు, కాకపోతే మనది 1974లో వచ్చింది. వుహాన్ వంతెనకు ఎనిమిది పిల్లర్లు, తొమ్మిది స్పాన్లు, ఒక్కొక్క స్పాను 128 మీటర్లు. ఆ పిల్లర్ల పునాదుల కథ వింటే మా శాఖవాళ్లు ఎవరైనా చెవి కోసుకుంటారు. మనవైపు నదిలో వంతెన కట్టాలంటే బావి దింపి, లోపలి ఇసుక తోడుతూ గట్టి నేల తగిలేదాకా కిందికి జార్చడం పద్ధతి. నీళ్లు లోతైనచోట మూసిన పెట్టెలోకి గాలిని ఒత్తిడితో పంపి, అందులోకి మనుషులను దింపి తవ్విస్తారు. నలభై మీటర్ల లోతులో ఆ ఒత్తిడికి మనిషి తట్టుకోలేడు. సోవియట్ ఇంజనీరు కాన్‌స్టాంటిన్ సిలిన్ బృందమూ చైనా ఇంజనీర్లూ కలిసి అక్కడ వేరే దారి పట్టారు. బోలుగా ఉన్న కాంక్రీటు గొట్టాలను రాతి దాకా దింపి, వాటి లోపలి నుంచే రాతికి రంధ్రాలు తొలిచి, కాంక్రీటు పోసి రాతిలోకి పాతేశారు. పని అంతా నీళ్ల పైనుంచే జరిగింది కాబట్టి లోపలికి మనిషి దిగవలసిన అవసరం లేకపోయింది. 1955 సెప్టెంబరులో మొదలుపెట్టి రెండేళ్ల చిల్లరలో పూర్తి చేశారు. వంతెన దారికి అడ్డం వస్తుందని వాళ్ల ప్రసిద్ధమైన పసుపు కొంగ గోపురం స్థలాన్ని కూడా వదులుకున్నారు. ఇప్పుడు అందరూ ఫొటోలు దిగే గోపురం 1985లో కిలోమీటరు దూరం జరిపి కట్టినది.

వంతెన మీద నడిచిన దానికంటే పంటు మీద దాటిన జ్ఞాపకమే నాకు ఎక్కువగా ఉంది. వుచాంగ్‌లోని జోంగ్‌హువా వీధి రేవు నుంచి హాంకౌ రేవుకు వెళ్లే పంటుకు టిక్కెట్టు అప్పట్లో ఒకటిన్నర యువాన్లు. ఆఫీసులకు పోయేవాళ్లు, కూరల సంచులతో ముసలమ్మలు, స్కూటర్లు తోసుకుంటూ వచ్చేవాళ్లు, మాలాంటి యాత్రికులు, అందరూ కలిసి గేటు తీయగానే ఒక్కసారిగా పరుగెత్తడం చూస్తే ఇబ్రహీంపట్నం ఫెర్రీలో పాత రోజులు గుర్తొచ్చాయి. పంటు ఒడ్డు వదలగానే ముక్కు నేరుగా హాంకౌ వైపు పెట్టలేదు. ప్రవాహానికి ఎదురుగా పైకి తిప్పి, ఇంజనును గట్టిగా నడిపిస్తూ, నదిని తన్నుకుంటూ పీతలాగా పక్కకు జరుగుతూ పోయింది. ఒడ్డు దగ్గర చేతికర్ర వేసి నిలబడ్డ మనిషి ఏదో చిన్న మాట అన్నాడు, పంటు ఒక్క కుదుపుతో ఒరిగి రేవు రబ్బరు టైర్లకు ఆనుకుంది. మా కృష్ణలంక పడవవాళ్లు గడకర్రతో చేసే విద్యే అది. ఎదురుకు ముక్కు పెట్టకపోతే ఏరు మనల్ని ఎక్కడ దించుతుందో మన చేతిలో ఉండదు. దిగగానే ఎదురుగా 1924లో కట్టిన కస్టమ్స్ భవనపు గడియార స్తంభం కనిపిస్తుంది. 1861లో హాంకౌ రేవును విదేశీ వ్యాపారానికి తెరిచాక కలకత్తా స్ట్రాండ్ రోడ్డులాంటి భవనాల వరుస ఆ ఒడ్డంతా లేచింది.

ఒడ్డున సాయంత్రం పూట ఈత కొట్టేవాళ్లకు లెక్కలేదు. ఒక్కొక్కరి నడుముకు తాడుతో కట్టిన నారింజ రంగు గాలిబుడగ వెనకాలే తేలుతూ వస్తుంటుంది. మావో 72 ఏళ్ల వయసులో 1966 జూలై 16న అక్కడే నదిలో దిగి ఈదాడు. 65 నిమిషాల్లో దాదాపు 15 కిలోమీటర్లు ఈదాడని అప్పటి పత్రికలు రాశాయి. ఏటికి వాలుగా ఈదితే ఎంత దూరం మనిషి ఈదాడో ఎంత దూరం నది మోసిందో చెప్పలేమని నీళ్లలో పుట్టిపెరిగిన వాళ్లకు తెలుసు కాబట్టి, ఆ అంకె మీద నేను పెద్దగా ఆశ్చర్యపోలేదు.

ఆ నదిలో ఒకప్పుడు బైజీ అనే తెల్లని మంచినీటి డాల్ఫిన్ ఉండేది. 1980లో డాంగ్‌టింగ్ సరస్సు దగ్గర గాయాలతో దొరికిన ఒకదాన్ని వుహాన్ జలజీవ పరిశోధన సంస్థకు తెచ్చి, చీచీ అని పేరు పెట్టి, ఇరవై రెండేళ్లు పెంచారు. దానికి జోడీ దొరకలేదు. అది 2002లో చనిపోయింది. 2006లో నదంతా గాలించినా ఒక్క బైజీ కూడా కనిపించలేదు. ఆ తరువాత 2021 జనవరి 1 నుంచి పదేళ్ల పాటు యాంగ్జీలో చేపలు పట్టడమే నిషేధించారు. బైజీకి అది చాలా ఆలస్యం. మా అమ్మాయి చీచీ కథ చెబుతున్నంతసేపూ మా ఆవిడ నదివైపు చూడకుండా చెప్పులు సర్దుకుంటూ కూర్చుంది.

ఇక నాకు ముఖ్యమైన గోడ దగ్గరికి వస్తాను. హాంకౌలో నది వెంట పోయే పెద్ద వీధికీ నీళ్లకూ మధ్య వరద గోడ ఉంది. మన కృష్ణలంక రిటైనింగ్ వాల్‌ను ఊహించుకోండి. ఒడ్డుకు పోవాలంటే గోడలో అక్కడక్కడ వదిలిన ద్వారాల గుండా పోవాలి. ఒక ద్వారం పక్క స్తంభాన్ని తడిమి చూస్తే, పై నుంచి కింది దాకా నిలువుగా గాడి ఉంది. నా నాలుగు వేళ్లూ అందులో దూరాయి. అవతలి స్తంభానికీ అలాంటిదే ఉంది. లాకుల దగ్గర పనిచేసినవాడికి ఆ గాడి ఎందుకో ఎవరూ చెప్పనక్కర్లేదు. నీరు పెరిగినప్పుడు ఆ గాడుల్లోకి అడ్డపలకలు ఒకదానిమీద ఒకటి దించి, సందుల్లో మట్టి కూరితే వీధి ద్వారం కాస్తా ఆనకట్ట అవుతుంది. గోడకు అవతల నదివైపు ఉన్న మెట్ల పార్కును మునగడానికి సిద్ధపడే కట్టారు. వరద వస్తే చెట్లు మెడ దాకా నీళ్లలో నిలబడతాయి, పోయాక బురద కడుక్కుని జనం మళ్లీ గాలిపటాలు ఎగరేసుకుంటారు.

అంత జాగ్రత్త ఊరికే రాలేదు. 1931లో నీటిమట్టం కొలిచే హాంకౌ గేజీ 28.28 మీటర్లకు చేరినప్పుడు కట్టలు తెగి ఊరు నెలకు పైగా నీళ్లలోనే ఉంది. జనం వీధుల్లో పడవల మీద తిరిగారు. అట్లాంటిక్ దాటిన విమానవీరుడు చార్లెస్ లిండ్‌బెర్గ్ ఆ వరదను ఆకాశం నుంచి సర్వే చేయడానికి వస్తే, హాంకౌ దగ్గర ఓడ మీది నుంచి నీళ్లలోకి దించుతుండగా ఆయన విమానం కూడా తిరగబడింది. 1954 ఆగస్టులో అంతకంటే పెద్ద వరద వచ్చింది. గేజీ 29.73, ప్రవాహం సెకనుకు 76,100 ఘనమీటర్లు. మన లెక్కలో 26.87 లక్షల క్యూసెక్కులు. బ్యారేజీ కట్టాక మనం చూసిన అత్యధికం 2024 సెప్టెంబరు నాటి 11.43 లక్షలు. నీరు అంత ఎత్తుకు వచ్చినా 1954లో ఊరి నడిబొడ్డును కాపాడుకోగలిగారు. కట్టలు ఎత్తు చేయడం ఒక కారణం. పైన జింగ్‌జియాంగ్ దగ్గర వరదను మళ్లించడానికి రెండేళ్ల ముందే కట్టుకున్న ప్రాంతంలోకి మూడుసార్లు గేట్లు ఎత్తి నీళ్లు వదలడం ఇంకొక కారణం. ఆ నీళ్లు పోయింది రైతుల పొలాల మీదికే. అప్పటి 29.73 మీటర్లనే ఇప్పటికీ కట్టలు తట్టుకుని తీరవలసిన మట్టంగా పెట్టుకున్నారు. 1998లో 29.43 దాకా, కరోనా నుంచి తేరుకుంటున్న 2020 జూలైలో 28.77 దాకా వచ్చినా ఆ గీత దాటలేదు.

ఇంతవరకు రాసినదంతా నది గురించి. హాంకౌవాళ్లు నదికి ఎదురుగా మాత్రమే కాదు, ఊరి వెనుక కూడా కట్ట వేసుకున్నారన్నది నేను ఆ ఊళ్లో నేర్చుకున్న అసలు పాఠం. 1905లో అప్పటి గవర్నర్ జనరల్ జాంగ్ జిడాంగ్ ఊరికి ఉత్తరాన, సరస్సుల వైపు, పెద్ద మట్టికట్ట వేయించాడు. ఆయన పేరుతోనే దాన్ని జాంగ్‌గోంగ్ కట్ట అంటారు. హాంకౌ వెనుకంతా పల్లం, చిత్తడి; నది పెరిగితే నీరు ముందు నుంచి కాక చుట్టూ తిరిగి వీపు వైపు నుంచి వచ్చేది. ఆ కట్ట పడ్డాకే వెనుక నేల ఆరి ఊరు పెరిగింది. ఊరు పెరిగినకొద్దీ సరస్సులు తరిగాయి. అయినా నేటికీ ఆ నగర పరిధిలో 166 సరస్సులను చట్టం కింద కాపాడుతున్నారు.

2016 జూలై మొదటి వారంలో అక్కడ కుండపోత పడింది. వారం రోజుల్లో 500 మిల్లీమీటర్లకు పైగా వాన. మా అమ్మాయి అప్పుడు దక్షిణపు సరస్సుకు దగ్గరలోనే ఉండేది. నేను టీవీలో యాంగ్జీ గేజీ చూసి, “నది మీకెంత దూరంలో ఉందమ్మా?” అని ఫోనులో అడిగితే, “నది రాలేదు నాన్నా, చెరువు వచ్చింది” అంది. విషయం అదే. ఊళ్లో కురిసిన వాన మామూలుగా తూముల గుండా నదిలోకి పోవాలి. నది మట్టం ఊరి కంటే పైకి లేచినప్పుడు ఆ తూములు తెరిస్తే నదే లోపలికి వస్తుంది కాబట్టి మూసేస్తారు. అప్పుడు లోపలి నీరు బయటికి పోవాలంటే పంపులతో ఎత్తిపోయవలసిందే. పంపుల శక్తిని మించి వాన పడితే నీళ్లు సరస్సు ఒడ్డు దాటి ఇళ్లలోకి వస్తాయి. నదిని ఆపిన గోడే లోపలి నీళ్లను కూడా ఆపుతుంది. అది విని, ఇంజనీర్లు అంతటి ఊళ్లో కూడా ఇలాంటి అవస్థ పడతారా అని జాలిపడ్డాను. నేను అప్పటికి పదకొండేళ్లుగా అజిత్‌సింగ్‌నగర్‌లో సొంత ఇంట్లో ఉంటున్నాను.

మన బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు పోయే వాగు. బెజవాడ దుఃఖదాయని అని దానికి పాత పేరు. దాని వరదను ఊరి మీదికి రానీయకుండా వెలగలేరు రెగ్యులేటరు దగ్గర ఆపి, మళ్లింపు కాలువ ద్వారా కృష్ణలోకి, అదే పవిత్ర సంగమం వైపుకు, పంపుతారు. 2024 ఆగస్టు చివరి రోజున మొదలైన వాన బుడమేరునూ కృష్ణనూ ఒకేసారి లేపింది. కృష్ణ అంత ఎత్తున ఉన్నప్పుడు కాలువ నీళ్లను తీసుకునే చోటు అందులో ఎక్కడుంది? కాలువ కట్టకు మూడు గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1న తెల్లవారేసరికి నీళ్లు మా వీధి చివర ఉన్నాయి. రిటైరైనా పాత అలవాటు పోక, అంతకు ముందు రాత్రంతా నేను ఫోనులో చూస్తున్నది బ్యారేజీ ఇన్‌ఫ్లో. కృష్ణలంకలో చుట్టాలకు ఫోను చేసి, సామాను మేడ మీదికి చేర్చుకోండని చెప్పింది కూడా నేనే. నది పక్కనే ఉన్న ఆ లంకను కొత్త గోడ కాపాడింది. నదికి కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఇంట్లో ఫ్రిజ్ తేలింది.

నాలుగు రోజులు మేడ మీద ఉన్నాము. పాలప్యాకెట్లూ నీళ్ల సీసాలూ పడవలో తెచ్చి తాడుకు కట్టిన బకెట్టులో వేసేవారు. నీరు కదలకుండా, చప్పుడు లేకుండా, నల్లగా ఉండేది. యాంగ్జీ ఒడ్డున కూర్చుంటే ఆ పారుడు శబ్దం ఛాతీలో వినిపించేది. ఇక్కడ మెట్ల మీద ఒక్కొక్క మెట్టూ మునగడం తప్ప వేరే కొలత లేదు. గేజీ లేదు కాబట్టి మెట్లనే లెక్కపెట్టి రాసుకున్నాను. మొదటి రోజు రాత్రికి ఏడు మెట్లు, రెండో రోజు సాయంత్రానికి తొమ్మిది. తరువాత తగ్గుముఖం పట్టింది.

సంక్రాంతికి రంగులు వేయించేటప్పుడు మెట్ల పక్క గోడ మీద నీటి చార తొమ్మిదో మెట్టు ఎత్తున గోధుమరంగులో ఉంది. పెయింటరు దాని మీద పట్టీ పెట్టబోతే ఒక జానెడు మేర వదిలేయమన్నాను. దాని పక్కన తేదీ రాసి, ఫొటో తీసి అమ్మాయికి పంపాను. “29.73 అని కూడా రాయించు నాన్నా, ఇకమీద ఆ గీత దాటకూడదని” అని జవాబు పెట్టింది. మా ఆవిడ చదివి, గీతకు పైన ఒక అడుగు ఎత్తున అటక వేయించమంది. వడ్రంగి వచ్చే వారం వస్తానన్నాడు.